ఆంఫిబియస్ విమానం: ఐడియా నుంచి ఫ్యాక్టరీ దాకా తీసుకెళ్ళాలంటే

2024 నవంబర్ 9న విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర కృష్ణలోంచి సీప్లేన్ లేచి శ్రీశైలం వెళ్ళి నీళ్ళ మీద దిగింది కదా, అది చూశాక ఏరోనాటికల్ చదివే పిల్లలకి ఇలాంటి ఆంఫిబియస్ విమానం, అంటే నేల మీదా నీళ్ళ మీదా దిగగలిగేది, మనమే ఎందుకు చేయకూడదు అనిపిస్తే అది చాలా మంచి విషయం. స్కెచ్ వేయడం, క్యాడ్‌లో మోడల్ చేయడం, కష్టపడి ఒక ప్రోటోటైప్ ఎగరేయడం కూడా నలుగురు గట్టివాళ్ళు, కొంచెం డబ్బు ఉంటే అయ్యే పనే. అదే విమానాన్ని పదోది, యాభయ్యోది, నూరోది అదే బరువుతో, చెప్పిన ధరకి బయటికి తేవడం దగ్గరే కథ అడ్డం తిరుగుతుంది. అందుకే ఇక్కడ రాసేదంతా ఆ చివరి నుంచి వెనక్కి ఆలోచించి రాస్తున్నా.

ఉదాహరణగా ఐకాన్ ఏ5 అనే చిన్న ఆంఫిబియన్‌ని తీసుకుందాం. అమెరికాలో 2004లో చిన్న సరదా విమానాల కోసం లైట్ స్పోర్ట్ రూల్ వచ్చింది, దాన్ని చూసి 2006లో కిర్క్ హాకిన్స్, స్టీన్ స్ట్రాండ్ కాలిఫోర్నియాలో కంపెనీ పెట్టారు. రెండు సీట్లు, 100 హార్స్‌పవర్ రోటాక్స్ ఇంజిన్, రెక్కలు మడిచి ట్రైలర్ మీద ఇంటికి తీసుకుపోవచ్చు. 2008 జులైలో ప్రోటోటైప్ ఎగిరింది, ధర 139,000 డాలర్లు అన్నారు, వెయ్యి మందికి పైగా అడ్వాన్సులు కట్టేశారు. మొదటి డెలివరీ 2015లో. 2016లో 175 చేస్తామన్నవాళ్ళు మే నెలకల్లా 20 మాత్రమే అని చెప్పాల్సొచ్చింది, మనుషుల్ని కూడా తీసేశారు. 2017కి ఫుల్ ఆప్షన్లతో ధర 389,000 డాలర్లు. 2024 ఏప్రిల్‌లో దివాలా పిటిషన్, తర్వాత కంపెనీ చేతులు మారింది. విమానం మాత్రం బాగుంటుంది, నడిపినవాళ్ళు మెచ్చుకుంటారు, అసలు బాధంతా అక్కడే.

సరే, మొదటి నిర్ణయం: పడవ లాంటి హల్ (విమానం శరీరమే నీళ్ళ మీద తేలేది) కావాలా, ఫ్లోట్లు (కింద విడిగా బిగించే తేలే డబ్బాలు) చాలా? శ్రీశైలం వెళ్ళిన ట్విన్ ఆటర్ నేల మీద దిగే విమానమే, కింద ఫ్లోట్లు బిగించారు. 1965లో మొదట ఎగిరిన డిజైన్ అది, ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి. ఫ్లోట్లయితే నేల విమానంగా అమ్ముకోవచ్చు, నీళ్ళ మార్కెట్ పడిపోయినా కంపెనీ బతుకుతుంది. హల్ అయితే అందం, డ్రాగ్ (గాలి అడ్డు) తక్కువ, కానీ మొత్తం శరీరమే కొత్తగా పుట్టాలి. నా మటుకు నాకు, మీ ఐడియాలో కొత్తదనం హల్‌లోనే లేకపోతే ఫ్లోట్ల వైపే వెళ్ళండి అంటాను.

తర్వాత బరువు. డిజైన్ మొదలుపెట్టిన రోజే ఒక షీట్ తెరిచి ప్రతి పార్టుకీ ఇన్ని గ్రాములు అని రాసి, ఆ షీట్‌కి ఒక మనిషిని బాధ్యుడిగా పెట్టండి, అతను వద్దంటే ఎవరూ ఏదీ కలపకూడదు. లైట్ స్పోర్ట్ రూల్‌లో నీటి విమానానికి అప్పట్లో పరిమితి 650 కిలోలు, ఏ5 అందులో పట్టలేదు. స్పిన్‌లోకి (గింగిరాలు తిరుగుతూ పడిపోయే స్థితిలోకి) జారకుండా చేసిన రెక్క డిజైన్‌ని చూపించి 2013లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ నుంచి మినహాయింపు తెచ్చుకున్నారు, చివరికి విమానం 685 కిలోల దగ్గర తేలింది. ఇప్పుడు లెక్క వేయండి: ఖాళీ బరువు సుమారు 490, మిగిలింది 195, ట్యాంక్ నింపితే పెట్రోల్ 54 కిలోల దాకా, అంటే మనుషులకి 140. డెబ్భై కిలోల వాళ్ళు ఇద్దరు ఎక్కితే బ్యాగుకి చోటు లేదు. హల్ అడుగున పది లీటర్ల నీళ్ళు మిగిలిపోయాయంటే ఇంకో పది కిలోలు పోయినట్టే. 2025 జులైలో అమెరికా కొత్త రూల్ ప్రకటించి ఈ బరువు పరిమితి తీసేసి స్టాల్ స్పీడ్ (అంతకంటే నెమ్మదిస్తే రెక్కలు విమానాన్ని మోయలేని వేగం) మీద లెక్క పెట్టింది, కొంత ఊపిరి వచ్చింది నిజమే, కానీ బరువు పెరిగిన కొద్దీ నీళ్ళలోంచి లేవడం కష్టమవుతుంది, దానికి ఏ రూల్ మార్చినా ప్రయోజనం లేదు.

కంప్యూటర్ సిమ్యులేషన్ ఎంత బాగా వచ్చినా హల్‌ని నీళ్ళలో లాగి చూడందే నమ్మకండి. నాలుగో వంతు మోడల్ చేస్తే బరువు అరవై నాలుగో వంతు, స్పీడ్ సగం పెట్టాలి. అంటే 640 కిలోల విమానానికి 10 కిలోల మోడల్, అసలుది 40 నాట్లు పోయేచోట ఇది 20 నాట్లు, మోటారు బోటు పక్కకి ఒక కర్ర కట్టి లాగినా చాలా విషయం తెలిసిపోతుంది. పద్ధతిగా కావాలంటే ఐఐటీ మద్రాస్‌లో, ఖరగ్‌పూర్‌లో మోడల్‌ని నీళ్ళలో లాగి కొలిచే టోయింగ్ ట్యాంకులున్నాయి, విశాఖ ఎన్‌ఎస్‌టీఎల్‌లో కూడా ఉంది కానీ అది రక్షణ శాఖది. చూడాల్సినవి: ముక్కు పైకీ కిందకీ ఊగుతూ అదుపు తప్పుతుందా, నీటి తుంపర ప్రొపెల్లర్‌కి తగులుతుందా, హంప్ స్పీడ్ (లేవబోయే ముందు నీళ్ళ అడ్డు బాగా ఎక్కువగా ఉండే వేగం) దాటడానికి ఇంజిన్ దగ్గర మిగులు బలం ఉందా. ప్రొపెల్లర్ పైన ఎత్తులో పెడతాం కాబట్టి పవర్ పెంచితే ముక్కు కిందకి వంగుతుంది, అది కూడా మొదటి నుంచే లెక్కలో ఉండాలి.

ఇప్పుడు అసలు సంగతి, మోల్డ్, అంటే కార్బన్ క్లాత్ పరిచి హల్‌కి ఆకారం తెచ్చే అచ్చు. హల్ కింద ఒక మెట్టు ఉంటుంది, స్టెప్ అంటారు, నీళ్ళు అక్కడ విడిపోతేనే విమానం లేస్తుంది. ఆ అంచు పదునుగా ఉండాలి, గుండ్రంగా ఉంటే నీళ్ళు దాన్ని చుట్టుకుని వెనక్కి పాకి విమానాన్ని పట్టుకుంటాయి. డ్రాయింగ్‌లో అది ఒక గీత, అంతే. షాప్‌లో మాత్రం కార్బన్ క్లాత్ పదును మూలలోకి పోదు, వంతెనలా మీదుగా సాగి నిలబడుతుంది, వెనకాల ఖాళీలో వట్టి రెజిన్ (క్లాత్‌ని గట్టిపరిచే జిగురు) చేరుతుంది, అది గట్టిపడ్డాక మొదటి ఒడ్డు రాయికే పెచ్చులూడుతుంది. ప్రోటోటైప్‌లో ఒక మంచి పనివాడు గంటలు కూర్చుని చేత్తో ఫిల్లర్ పెట్టి, రుద్ది, సరి చేసేస్తాడు, ఎవరికీ తెలియదు కూడా. ప్రొడక్షన్‌లో ప్రతి హల్‌కీ అలా కూర్చునే మనిషి ఉండడు, ఉన్నా ఫిల్లర్ బరువు ఒక్కోదానికి ఒక్కోలా వస్తుంది, మీ షీట్ అక్కడ చిరిగిపోతుంది. కాబట్టి డిజైన్ చేసే ఇంజినీర్‌ని కనీసం ఒక హల్‌కి తన చేత్తో క్లాత్ పరిచేలా చేయండి. అంచుకి విడిగా మార్చుకునే పట్టీ పెట్టొచ్చా, హల్ రెండు సగాలు ఎక్కడ అతుక్కుంటే లోపలికి చెయ్యి పోతుంది, ఇన్‌స్పెక్షన్ ఎలా చేస్తారు, ఈ ప్రశ్నలన్నీ మోల్డ్ కోయకముందే తేలాలి. మోల్డ్ కోశాక మార్పంటే నెలలు, లక్షలు. ఐకాన్ వాళ్ళు కాంపోజిట్ (ఇలా క్లాత్, రెజిన్‌తో చేసే) భాగాలు ముందు సిరస్ అనే విమాన కంపెనీ చేత చేయించుకుందామని ఒప్పందం చేసుకుని, చివరికి మెక్సికోలోని తిహువానాలో సొంత ప్లాంట్ పెట్టుకున్నారు, ఈ పని బయటివాళ్ళకి అప్పజెప్పేసి ఊరుకుందాం అంటే కుదరదు.

ఉప్పునీళ్ళ గురించి చిన్నగా: కార్బన్, అల్యూమినియం ఒకదానికొకటి తగిలితే ఉప్పునీళ్ళలో అల్యూమినియం తినుకుపోతుంది. మధ్యలో గ్లాస్ ఫైబర్ పొర వేయండి, బోల్టులు టైటానియంవి గానీ స్టెయిన్‌లెస్‌వి గానీ వాడండి, చక్రాల బేరింగులు సులభంగా విప్పి గ్రీజు పెట్టేలా ఉంచండి.

చక్రాలు దింపి నీళ్ళ మీద దిగితే విమానం ముందుకి పల్టీ కొడుతుంది, ఆంఫిబియన్లలో ఇది ప్రాణాలు తీసే పొరపాటు. చక్రాల గేర్ ఎక్కడుందో పైలట్‌కి కనిపించాలి, దిగే ముందు గొంతుతో కూడా వినిపించాలి, దీన్ని ఆప్షన్ కింద అమ్మకండి. ట్రైనింగ్ కూడా ప్రొడక్ట్‌లో భాగమే. 2017లో ఏ5 లు రెండు తక్కువ ఎత్తులో ఎగురుతూ కూలాయి, మేలో పోయింది కంపెనీ సొంత ఇంజినీరు, ఇంకో ఉద్యోగి, నవంబర్‌లో బేస్‌బాల్ ఆటగాడు రాయ్ హాలడే. సరదాగా ఎగరండి అని అమ్మే విమానానికి ఎంత ఎత్తు వరకు సరదా అన్నది మొదటి డెలివరీకి ముందే రాసివ్వాలి, ఐకాన్ తక్కువ ఎత్తు గైడ్‌లైన్స్ బయటపెట్టింది 2017 అక్టోబర్‌లో.

సర్టిఫికెట్ విషయానికొస్తే టైప్ సర్టిఫికెట్ వేరు, ప్రొడక్షన్ అప్రూవల్ వేరు, మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ దగ్గరా అంతే. మొదటిది డిజైన్ సరైనదని, రెండోది మీరు ప్రతిసారీ అదే డిజైన్ చేయగలరని. డోర్నియర్ సీస్టార్ అనే జర్మనీ ఆంఫిబియన్ 1984లో ఎగిరింది, 1991కల్లా జర్మనీ, అమెరికా సర్టిఫికెట్లు రెండూ చేతికొచ్చాయి, అయినా డబ్బు లేక తయారీ లైన్ మొదలవలేదు, కొత్త రూపంలో మళ్ళీ ఎగరడానికి 2020 దాకా పట్టింది. కాబట్టి ఇన్వెస్టర్ దగ్గరకెళ్ళినప్పుడు సర్టిఫికెట్ దాకా అయ్యే ఖర్చు మాత్రమే చెప్పకండి, ఆ తర్వాత మొదటి ఇరవై విమానాలు నష్టానికి తయారయ్యే కాలం కూడా కలిపి అడగండి.

ఇక ధర. ప్రోటోటైప్ ఎగిరిన ఉత్సాహంలో ధర ప్రకటించి అడ్వాన్సులు తీసుకోకండి. ప్రొడక్షన్ మోల్డుల్లోంచి, మామూలు పనివాళ్ళ చేత, వరసగా కనీసం మూడు ఎయిర్‌ఫ్రేములు (ఇంజిన్ లేని విమాన శరీరాలు) చేయించండి, ఒక్కోదానికి ఎన్ని గంటలు పట్టిందో, ఎన్ని పార్టులు పారేయాల్సొచ్చిందో, తూకం ఎంత వచ్చిందో రాసిపెట్టండి. మూడింటి తూకాల్లో తేడా ఐదారు కిలోలు దాటితే ప్రాసెస్ ఇంకా కుదరలేదు, నాలుగోది మొదలుపెట్టకుండా తేడా ఎక్కడొస్తోందో వెతకండి. తూకం కుదిరాక మూడోదానికి పట్టిన గంటల మీద ధర వేయండి, వందోదానికి పడతాయని ఊహించిన గంటల మీద కాదు.