పికో బోర్డు, ఒక బటన్, మేడ మీద ట్యాంకు

కోడింగ్ నేర్పమని ఎవరడిగినా నేను ముందు రాస్ప్‌బెర్రీ పై పికో కొనమంటాను. పేరు చూసి పొరపాటు పడకండి. రాస్ప్‌బెర్రీ పై అంటే లైనక్స్ నడిచే పూర్తి కంప్యూటర్. 2021లో వచ్చిన ఈ పికో మాత్రం 264 కేబీ ర్యామ్ ఉన్న మైక్రోకంట్రోలర్, అంటే ఒక్క పని చేయించుకునే చిన్న చిప్పు ఉన్న బోర్డు. అందులో మీరు రాసిన ప్రోగ్రామ్ ఒక్కటే నడుస్తుంది, కాబట్టి ఏం జరిగినా మీ కోడ్ వల్లే.

పిన్నులు అతికించి వచ్చే పికో హెచ్ తీసుకోండి. బ్రెడ్‌బోర్డు (అతికించకుండా వైర్లు గుచ్చుకునే చిల్లుల పలక), నాలుగు జంపర్ వైర్లు, ఒక పుష్ బటన్ చాలు. సెన్సర్లు కుప్పగా ఉండే కిట్లు వద్దు, సగం డబ్బాలోనే ఉండిపోతాయి. కేబుల్ డేటా వెళ్లేదై ఉండాలి. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చేది పెడితే కంప్యూటర్‌కి బోర్డు కనిపించదు.

లాప్‌టాప్‌లో థానీ అనే కోడ్ రాసే సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయండి. బోర్డు మీది బూట్‌సెల్ బటన్ నొక్కి పట్టుకుని కేబుల్ గుచ్చితే అది పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది. అప్పుడు థానీ నుంచే మైక్రోపైథాన్ (ఇలాంటి చిన్న బోర్డుల కోసం చేసిన పైథాన్ భాష) ఎక్కించండి.

బోర్డు మీదే ఉన్న ఎల్ఈడీ వెలిగించడం అయిదు నిమిషాల పని. అసలు చదువు బటన్ దగ్గర మొదలవుతుంది. ఒక కాలు జీపీ 15కి, రెండోది గ్రౌండ్‌కి కలపండి. జీపీ 15 అంటే పదిహేనో పిన్ను కాదు, వరసలో ఇరవయ్యోది. కోడ్‌లో ఆ పిన్నుని ఇన్‌పుట్‌గా, పుల్-అప్‌తో (ఏదీ కలవనప్పుడు పిన్నుని 1 దగ్గరే ఉంచే ఏర్పాటు) పెట్టండి. నొక్కనప్పుడు 1, నొక్కితే 0 వస్తుంది.

ఇప్పుడు నొక్కిన ప్రతిసారీ లెక్క ఒకటి పెరిగేలా రాయండి. "0 వస్తే ఒకటి కలుపు" అని లూప్‌లో, అంటే మళ్లీ మళ్లీ నడిచే కోడ్‌లో రాస్తే, వేలు తీసేలోపు లెక్క ఎక్కడికో పోతుంది. అందుకే క్రితంసారి విలువని ఒక వేరియబుల్‌లో దాచి, 1 నుంచి 0కి మారినప్పుడే కలపాలి. అలా రాసినా ఒక్క నొక్కుకి ఒక్కోసారి రెండు, మూడు పడతాయి. బటన్ లోపలి రేకులు తాకగానే కుదురుగా ఉండవు, కాసేపు అదురుతాయి. మార్పు కనబడ్డాక 20 మిల్లీసెకన్లు ఆగి, మళ్లీ చదివి, అప్పటికీ 0 ఉంటేనే లెక్కించండి. లూప్, వేరియబుల్, ఇఫ్ మూడూ ఎందుకున్నాయో ఇక్కడే ఒంటబడుతుంది. మా మేనకోడలికి నేను పైథాన్ పుస్తకం తెరవకుండానే ఇంతవరకు వచ్చింది.

తర్వాత బటన్ తీసి, అదే చోట మేడ మీది నీళ్ల ట్యాంకులో బిగించే ఫ్లోట్ స్విచ్ వైర్లు పెట్టండి. ట్యాంకు నిండి తేలే భాగం పైకి లేవగానే సర్క్యూట్ కలుస్తుంది. కలవకపోతే తేలే భాగాన్ని తిరగేసి బిగించండి. మూడు వోల్టుల బజర్ మోగించాలి, అంతే. మోటారు ఆపే పని మాత్రం ఇప్పుడే పెట్టుకోవద్దు, అక్కడ ఉండేది 230 వోల్టులు.

నీళ్లు ధారగా పడుతుంటే ఫ్లోట్ కూడా పైకీ కిందికీ ఊగి బజర్ ఆగి ఆగి మోగుతుంది. కొత్త కోడ్ అక్కర్లేదు. ఆ 20 మిల్లీసెకన్లని రెండు సెకన్లు చేసి చూడండి. ఇంకా ఊగుతుంటే మూడు చేయండి.