కారు షెడ్డులో చెమ్మా? ముందు ఈ పరీక్ష

కోనసీమలోనో భీమవరం వైపో కారు షెడ్డుని వడ్రంగం పనికో మోటార్ల రిపేరుకో మార్చుకునేవాళ్లు బల్లలు, బీరువాలు కొనకముందే ఒక పని చెయ్యండి. మూరెడు పాలిథిన్ షీటు గచ్చు మీద పరిచి, నాలుగంచులూ గాలి చొరకుండా టేపుతో అంటించి ఒక రోజంతా వదిలెయ్యండి. తీసి చూస్తే అడుగున నీటి బొట్లున్నా, అక్కడ గచ్చు నల్లబడినా చెమ్మ నేలలోంచి ఊరుతున్నట్టే. షీటు పైన తడిసి కింద పొడిగా ఉంటే అది గాలిలోని తేమ.

గాలి తేమకైతే ముసురు రోజుల్లో షట్టరు బార్లా తెరవకండి. ఎండ కాసినప్పుడు తెరిచి ఫ్యాను వేస్తే చాలు.

నేల చెమ్మకి మాత్రం పైన పెయింటు కొట్టడం డబ్బు దండగ, పొక్కులొచ్చి లేచిపోతుంది. గచ్చు మీద 250 మైక్రాన్ల మందం ఉన్న పాలిథిన్ షీటు పరిచి, జాయింట్ల దగ్గర జానెడు ఒకదాని మీదికి ఒకటి ఎక్కించి టేపు వెయ్యాలి. అంచుల్ని గోడ మీదికి కాస్త లేపి, ఆపైన కాంక్రీటు పొయ్యాలి. కాంక్రీటు పోసేటప్పుడు తాపీమేస్త్రి పారతో షీటుకి చిల్లులు పెట్టకుండా దగ్గరుండి చూసుకోండి. వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేశాక ఈ పని పెట్టుకుంటే మంచిది, అప్పుడు నేల కాస్త ఆరి ఉంటుంది.

ఉలులకి, రంపాలకి పల్చగా మెషిన్ ఆయిల్ రాసి, పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వెయ్యండి. అంతర్వేది లాంటి సముద్రపు ఊళ్లలో ఇది అస్సలు మానకూడదు, ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది. బల్ల కాళ్ల కింద ఇటుకలు పెట్టకండి, అవి నీళ్లు పీలుస్తాయి. పాత టైరు ముక్కలు కోసి పెట్టండి.