నట్టల మందు తర్వాత పిల్లికూనకు తగ్గని విరేచనాలు: మాకు పనిచేసింది ఇదీ

నట్టల మందు వేసిన మర్నాడు మా పిల్లికూనకు విరేచనం పల్చబడింది. అందులో సేమ్యా ముక్కల్లా చచ్చిన పురుగులు. అంతవరకూ కంగారు లేదు, మందు పనిచేసినట్టే. మామూలుగా ఒకట్రెండు రోజుల్లో సర్దుకుంటుంది. మాదానికి సర్దుకోలేదు. తిండి మార్చడం, పాలు మానేయడం, ప్రోబయాటిక్ పొడి (పేగులకు మేలుచేసే సూక్ష్మజీవులది), ఏదీ పనిచేయలేదు.

సంగతి తేల్చింది మలపరీక్ష. పొద్దున్నే వేసిన తాజా మలంలో, ట్రేలోని ఇసుక అంటని భాగం చెంచాడు తీసి, మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టి, కొద్ది గంటల్లోనే వెటర్నరీ డాక్టరుకు ఇచ్చాం. మైక్రోస్కోపులో కాక్సీడియా కనిపించింది. అది పురుగు కాదు, ఏకకణ జీవి. మామూలు నట్టల మందుకు చావదు. కూనను తూచి, బరువును బట్టి వేరే మందు రాశారు. మధ్యలో తగ్గినట్టు కనిపించినా కోర్సు ఆపలేదు. మళ్లీ అంటుకోకుండా ట్రేను రోజూ మరిగే నీళ్లతో కడిగాం. తిండి కొద్దికొద్దిగా, పలుమార్లు (కూనల్ని పస్తు పెట్టకూడదు). అప్పుడు మలం గట్టిపడింది.

అందరి కూనలకూ ఇదే కారణమని చెప్పలేను. జియార్డియా (పేగుల్లో చేరే ఇంకో ఏకకణ జీవి) కావచ్చు, నట్టల మందే ఒంటికి పడకపోవచ్చు. కానీ రక్తం, ఆగని వాంతులు, తిండి ముట్టకపోవడం, నీరసం, చిగుళ్లు పొడిబారి వేలికి జిగటగా తగలడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. 8 వారాల్లోపు కూనైతే విరేచనాలు ఒక్కటే చాలు వెళ్లడానికి. మనుషుల మాత్రలు మాత్రం వేయొద్దు, పారాసిటమాల్ పిల్లి ప్రాణం తీస్తుంది.