మేసర్ గీత సగటులో వెడల్పైతే

రేడియో టెలిస్కోప్‌తో చూసిన నీటి మేసర్ (అంతరిక్షంలో నీటి అణువులు లేజర్‌లా వెలువరించే రేడియో తరంగం) గీత ఏ రోజు స్కాన్‌లో చూసినా సూదిలా ఉంది. మూడు రోజులవి కలిపి సగటు తీస్తే మాత్రం శిఖరం కుంగి, మొదలు వెడల్పైంది. రిసీవర్‌ని అనుమానించి కాలిబ్రేషన్ మళ్లీ చేశాను, దండగ. తప్పల్లా ఛానల్ (పౌనఃపున్యపు సన్న ముక్క) నంబర్ల ప్రకారం కలపడమే.

క్రాంతివృత్తం (ఆకాశంలో సూర్యుడి దారి) దగ్గరి రేడియో మూలం వైపు భూమి వేగం ఒక్క రోజులో సెకనుకు 0.5 కి.మీ. దాకా మారగలదు; డాప్లర్ ప్రభావం వల్ల గీత పౌనఃపున్యమూ దాంతోపాటే జరుగుతుంది. 22 గిగాహెర్ట్జ్ దగ్గర సెకనుకు 1 కి.మీ. అంటే 74 కిలోహెర్ట్జ్. 16 మెగాహెర్ట్జ్‌లో 1024 ఛానళ్లుంటే ఒక్కోటి 15.6 కిలోహెర్ట్జ్, గీత రోజుకు రెండు ఛానళ్లకు పైగా జరిగిపోతుంది.

ప్రతి స్కాన్‌నీ దాని సమయంతోనే ఎల్‌ఎస్‌ఆర్ వేగానికి (సూర్యుడి చుట్టుపక్కల నక్షత్రాల సగటు చలనంతో పోల్చిన వేగం) మార్చి, ఒకే వేగపు గ్రిడ్ మీదికి తెచ్చి, ఆ తర్వాతే సగటు తీశాను. గీత సన్నబడింది గానీ ఇంకా సెకనుకు 1 కి.మీ. పక్కకే ఉంది. చూస్తే, విశ్రాంతి పౌనఃపున్యం (మూలం కదలకుంటే గీత ఉండే చోటు) 22235.08 మెగాహెర్ట్జ్ బదులు 22235 అని కొట్టి ఉంది. బద్ధకం!