తెర మీద రామప్ప

ఏడో తరగతి పిల్లలకు క్లాసులోనే రామప్ప గుడి చూపిద్దామని కూర్చుంటే, సరిగ్గా అప్పుడే నెట్ మొరాయిస్తుంది. తెర మీద చక్రం తిరుగుతుంటే వెనక బెంచీల్లో కబుర్లు మొదలవుతాయి.

అందుకే ముందు రోజు రాత్రే ఇంట్లో గూగుల్ ఎర్త్‌లో ఆ గుడి ఉన్న పాలంపేట తెరిచి 8 స్క్రీన్‌షాట్లు తీసుకుంటున్నాను. వరుస దూరం నుంచి దగ్గరికి: ముందు చెరువూ గుడీ పై నుంచి, తర్వాత నక్షత్రం ఆకారపు అరుగు, ఆపైన స్తంభాలు, చివర చూరు కింది మదనికలు, అంటే స్త్రీ శిల్పాలు. ఫైళ్లకు 1 నుంచి 8 దాకా అంకెలు పెట్టి పెన్‌డ్రైవ్‌లో వేస్తే టీవీలో అదే వరుసలో వస్తాయి. ఒక్కో చిత్రానికి 3 నిమిషాలు. చిత్రం మార్చే ముందే ప్రశ్న వేయాలి, "మదనికలు ఎక్కడున్నాయో వెతకండి" అన్నట్టు. చూపించాక అడిగితే సగం మంది పక్కవాడి జవాబే చెబుతారు.

శిఖరానికి నీటిపై తేలే ఇటుకలు వాడారని చెప్పేటప్పుడు, కాళ్లు రుద్దుకునే తేలిక రాయిని బకెట్టు నీళ్లలో వేసి చూపించండి. ఇంట్లో ఒకసారి వేసి చూసుకోండి, బజారులో దొరికేవి కొన్ని మునిగిపోతాయి.

గుడి లోపలి చీకటి శిల్పాలకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. పెద్ద టీవీలో అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. వాటికి మంచి ఫొటో విడిగా వెతుక్కోవాల్సిందే.