సుడోకు ప్రోగ్రాం నత్తనడక నడుస్తోందా?

బ్యాక్‌ట్రాకింగ్‌తో, అంటే ఒక అంకె పెట్టి చూసి కుదరకపోతే వెనక్కి వచ్చి ఇంకోటి పెట్టే పద్ధతిలో, రాసిన సుడోకు ప్రోగ్రాం తేలిక పజిళ్లకు టక్కున జవాబిచ్చి, కష్టమైనది ఇవ్వగానే బిగుసుకుపోతుంది. నాదీ అంతే. ఖాళీ గళ్లను పైనుంచి కిందికి వరసగా నింపుకుంటూ పోవడమే తప్పని తేలింది.

వరస మానేసి, ప్రతిసారీ అన్నిటికంటే తక్కువ అంకెలు పట్టే గడిని ముందు తీసుకోండి. ఒక గడిలో 2, 7 మాత్రమే పడతాయి, ఇంకోదాంట్లో ఆరు అంకెలు పడతాయి అనుకోండి. మొదటిదే ముందు. అక్కడ 2 తప్పైతే మిగిలేది 7 ఒక్కటే. సమానంగా ఉంటే, తన అడ్డవరస, నిలువువరస, 3×3 పెట్టెల్లో ఎక్కువ ఖాళీలున్న గడిని ఎంచుకోండి.

అంకె పెట్టగానే దాని అడ్డవరస, నిలువువరస, పెట్టెల్లోని 20 గళ్లలోనూ ఆ అంకెను కొట్టేసి చూడండి. ఏ గడికైనా ఒక్క అంకె కూడా మిగలకపోతే ఇంకా లోపలికి పోకుండా అక్కడే వెనక్కి తిరగాలి. ఈ నాలుగు లైన్లు రాయడానికే నేను బద్ధకించాను. వెనక్కి వచ్చేటప్పుడు కొట్టేసిన అంకెలను తిరిగి చేర్చడం మరవకండి, లేదంటే జవాబున్న పజిల్‌కీ లేదంటుంది.

టైంటేబుల్ వేసే ప్రోగ్రాంకూ ఇదే పద్ధతి. కాకపోతే అన్నిటికీ సరిసమానంగా ఎంపికలు ఉంటే, ఉదాహరణకు పూర్తిగా ఖాళీ గ్రిడ్‌లో, మొదట్లో దీనివల్ల ఒరిగేదేమీ ఉండదు.