సముద్రం లేని సీమలో సుషీ: అనంతపురంలో మంచిదాన్ని మితమైన ధరకు ఎంచుకోవడం ఎలా

సుషీ అనగానే పచ్చి చేప గుర్తుకు వస్తుంది. నిజానికి ఆ మాటకు మూలార్థం పులుపు. వెనిగర్, పంచదార, ఉప్పు పట్టించిన అన్నమే సుషీకి ప్రాణం. చేప ఆ అన్నానికి తోడుగా వచ్చే అనేక పదార్థాల్లో ఒకటి మాత్రమే. అన్నం లేకుండా వడ్డించే పచ్చి చేప ముక్కలకు జపనీయులు సాషిమి అని వేరే పేరే పెట్టుకున్నారు. అనంతపురం, కర్నూలు, కడప మూడు జిల్లాలకూ సముద్ర తీరం లేదు కనుక, ఇక్కడ సుషీ తినదలచినవారు చేప గురించి ఆరాటపడేకంటే అన్నం ఎలా ఉందో చూసుకోవడం అన్ని విధాలా మేలు.

ఎక్కడ వెతకాలన్న విషయంలో అనంతపురం వారికి తక్కిన రెండు ఊళ్ల వారికి లేని సౌలభ్యం ఒకటి ఉంది. పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద కార్ల కర్మాగారం నెలకొల్పడానికి కియా సంస్థ 2017లో ఒప్పందం చేసుకుంది, 2019లో అక్కడ ఉత్పత్తి మొదలైంది; ఆ కర్మాగారంతోనూ దాని అనుబంధ పరిశ్రమలతోనూ వచ్చిన కొరియన్ ఉద్యోగుల కోసం పెనుకొండ వైపు, అనంతపురం పట్టణంలోనూ కొరియన్ భోజనశాలలు వెలిశాయి. వీటిలో సుషీ పక్కన, చాలాచోట్ల సుషీకి బదులుగానే, కింబాప్ దొరుకుతుంది. రెండూ నల్లటి సముద్రపు నాచు రేకులో చుట్టి బిళ్లలుగా కోసినవే కాబట్టి చూపుకు తేడా తెలియదు గాని, కింబాప్ అన్నానికి వెనిగర్‌కు బదులు నువ్వుల నూనె, ఉప్పు పట్టిస్తారు; లోపల పెట్టే క్యారెట్, పాలకూర, గుడ్డు అట్టు, పసుపుపచ్చని ముల్లంగి ఊరగాయ, మాంసం దాదాపు అన్నీ వండినవో ఊరబెట్టినవో అయి ఉంటాయి. తొలిసారి తినేవారు కింబాప్‌తో మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం. వంటవాడు తన దేశస్థుల కోసం రోజూ చుట్టే వంటకం, అదే మెనూ కార్డు చివరి పేజీలో పేరుకు చేర్చిన సాల్మన్ సుషీ కంటే ఎక్కువసార్లు బాగుంటుంది, ధరా తక్కువే ఉంటుంది.

కర్నూలు, కడప వారు మాత్రం చైనీస్, థాయ్ వంటకాలతో కలిపి సుషీ పెట్టే హోటళ్లనే చూసుకోవాలి. బిర్యానీ, నూడుల్స్, పిజ్జా, తందూరీ అన్నీ ఉన్న కార్డులో సుషీ కూడా కనబడితే, అది రోజుకు ఎన్నిసార్లు అమ్ముడవుతుందో వడ్డించే అబ్బాయిని మొహమాటం లేకుండా అడగండి. ఆలోచించి చెప్పవలసి వచ్చిందంటే ఆ పూటకు నూడుల్స్ తెప్పించుకోవడం ఉత్తమం.

ఇక అన్నం సంగతి. పులిహోర కలిపే ఇంట్లో పుట్టినవారికి దీని మర్మం తొందరగా బోధపడుతుంది. వండిన అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో ఆరబోసి, మెతుకు విరగకుండా పులుపు పట్టిస్తూ విసనకర్రతో విసరడం ఇక్కడా అక్కడా ఒకే పద్ధతి. తేడా అంతా బియ్యంలో ఉంది. పులిహోరకు పలుకు పలుకుగా ఉండే సన్నబియ్యం కావాలి. సుషీకి గింజ పొట్టిగా, లావుగా ఉండి, వండితే తనంతట తానే అతుక్కునే జపాన్ రకం బియ్యం కావాలి. కర్నూలు సోనా ఎంత మేలైనదైనా ఆ పని చేయలేదు. ఖర్చు తగ్గించుకోవడానికి కొందరు దాన్నే మెత్తగా ఉడికించి నలిపి చుడతారు, అప్పుడు బిళ్ల నోట్లో సంగటి ముద్దలా అంటుకుపోతుంది. మంచి సుషీ అన్నం చేతిలో ఉన్నంతసేపు కలిసి ఉండి, నాలుక మీద పెట్టగానే మెతుకులుగా విడిపోవాలి, గోరువెచ్చగానో గది వేడిలోనో ఉండాలి. చల్లగా, గట్టిగా, మధ్యలో సున్నంలా పిండి పిండిగా తగిలితే అది ఫ్రిజ్‌లో రాత్రి గడిపిన అన్నమని అర్థం. చలికి అన్నంలోని పిండిపదార్థం బిగుసుకుపోతుంది. ఒకచోట నాకు అలాంటి అన్నాన్నే మైక్రోవేవ్‌లో వేడి చేసి తెచ్చిపెట్టారు. పొగలు కక్కే సుషీని చూడడం అదే మొదటిసారి, అదే చివరిసారి కావాలని కోరుకుంటున్నాను.

ఈ పరీక్షకు వందలు ఖర్చు చేయనక్కరలేదు. కార్డులో అన్నిటికంటే చవకైన దోసకాయ చుట్టను, అంటే కీరా ముక్క ఒక్కటే పెట్టి చుట్టే కప్పామాకీని, ముందుగా ఒక ప్లేటు తెప్పించండి. అందులో లోపాన్ని దాచడానికి మయొనీజూ ఉండదు, కారపు సాసూ ఉండదు. నోరి అనే ఆ నాచు రేకు మన అప్పడం లాంటిది. గాలి తగిలిందా మెత్తబడుతుంది. అప్పుడే చుట్టినదైతే పంటి కింద తేలికగా తెగుతుంది, ఎప్పుడో చుట్టి పెట్టినదైతే రబ్బరులా సాగుతుంది. బిళ్లలు ఒకే మందంలో ఉన్నాయా, కీరా నడిమధ్యన ఉందా, కోత అంచు శుభ్రంగా ఉందా అన్నది కూడా చూడండి. ప్రతి కోతకూ కత్తిని తడిగుడ్డతో తుడిచే వంటవాడు తక్కిన పనుల్లోనూ శుభ్రం పాటించేవాడై ఉంటాడు. ఇందులో నెగ్గిన హోటల్లోనే రెండో ప్లేటు చెప్పండి.

పచ్చి చేప విషయంలో నేను కాస్త కఠినంగానే ఉంటాను. సాల్మన్ మన జలాల్లో దొరికే చేప కాదు. అది విదేశాల నుంచి దిగుమతై, పెద్ద నగరాల మీదుగా మన ఊరికి చేరాలి. బెంగళూరు నుంచి అనంతపురానికి సుమారు 210 కిలోమీటర్లు, ఎండాకాలంలో అనంతపురం వైపు నలభై డిగ్రీల వేడి. పచ్చిగా తినే చేపలోని పరాన్నజీవులు చావాలంటే దాన్ని సున్నాకు దిగువన 20 డిగ్రీల చలిలో 7 రోజులు, లేదా 35 డిగ్రీల దిగువన గడ్డకట్టించి 15 గంటలు ఉంచాలని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ సూచిస్తుంది. ఆ గడ్డకట్టించడం పరాన్నజీవులను చంపుతుందే తప్ప బ్యాక్టీరియాను నిర్మూలించదు కాబట్టి, చేప ఏ రోజు వచ్చింది, ఎలా నిల్వ చేశారు అన్న రెండు ప్రశ్నలకూ సూటిగా జవాబు రాకపోతే పచ్చి చేప లేని రకాలకే పరిమితం కండి: ఉడికించిన రొయ్య, పిండిలో ముంచి వేయించిన రొయ్య టెంపురా, గుడ్డు అట్టు, అవకాడో. గర్భిణులు, చిన్నపిల్లలు, వృద్ధులు జవాబు ఎలా ఉన్నా పచ్చి చేప జోలికి పోకూడదు. తుంగభద్రలోనో శ్రీశైలం జలాశయంలోనో పట్టిన రవ్వు, బొచ్చె, కొరమీను వంటి మంచినీటి చేపలను పచ్చిగా పెడతామంటే ఎవరూ ఒప్పుకోవద్దు. పురుగుల ముప్పు వాటిలో ఎక్కువ. సాల్మన్ లేనిదే సుషీ కాదని దిగులుపడనవసరం లేదు. జపాన్‌లో సైతం పచ్చి సాల్మన్ సుషీ వ్యాపించింది 1980లలో నార్వే తన చేపను అమ్ముకోవడానికి చేసిన ప్రచారం తరువాతే.

ధరను ప్లేటు లెక్కన కాక బిళ్ల లెక్కన పోల్చండి. చుట్టలు సాధారణంగా ఆరు లేదా ఎనిమిది బిళ్లలుగా వస్తాయి, అన్నం ముద్ద మీద ముక్క పరిచే నిగిరి రెండేసి వస్తుంది. కింబాప్ ఒక చుట్టతో ఒకరి కడుపు దాదాపు నిండుతుంది. పీత అని రాసినచోట అసలు పీత ధర చెల్లించేముందు, అది తెల్లచేప మాంసాన్ని రుబ్బి రంగు వేసిన క్రాబ్ స్టిక్కా అని అడగండి. మామూలు రెస్టారెంటు బిల్లులో జీఎస్‌టీ 5 శాతం ఉంటుంది. సర్వీసు చార్జి తప్పనిసరి కాదు, వద్దంటే తీసివేయాలి. నూనెలో వేయించి, పైన రెండు రకాల సాసులు పోసిన ఖరీదైన చుట్టలు పాత అన్నానికి ముసుగు కావచ్చు.

శాకాహారులు పేరు చూసి మోసపోకూడదు. పులియబెట్టిన సోయా ముద్దతో చేసే మిసో సూపులో సాధారణంగా చేప రసం ఉంటుంది, కిమ్చీ అనే కొరియన్ క్యాబేజీ ఊరగాయలో చాలామంది రొయ్యల లేదా చేపల ఊట కలుపుతారు, కూరగాయల కింబాప్‌లోనూ గుడ్డు ఉండవచ్చు. పందిమాంసం, గొడ్డుమాంసం తిననివారు కింబాప్‌లో హామ్, బుల్గోగీ ఉన్నాయేమో ముందే కనుక్కోవాలి. మద్యం ముట్టనివారు అన్నంలోనో సాసులోనో మిరిన్ అనే బియ్యపు మద్యం కలిపారా అని కూడా అడగాలి.

పార్సిల్ కట్టించుకోవడం మన ఎండలకు పనికిరాదు. వెనిగర్ పులుపు సుషీ అన్నాన్ని కొంతసేపు కాపాడుతుంది గాని, పులుపు లేని కింబాప్ వేడిలో త్వరగా చెడుతుంది. కట్టించుకోక తప్పకపోతే గంటలోగా తినేయండి. ఇంటికి చేరేసరికి నోరి ఎలాగూ మెత్తబడుతుంది.

బల్ల ముందు కూర్చున్నాక చాప్‌స్టిక్ పుల్లలతో కుస్తీ పట్టనవసరం లేదు. సుషీని చేత్తో తినడం జపాన్‌లోనూ మర్యాదే. నిగిరిని తిరగేసి ముక్క వైపు మాత్రమే సోయా సాసులో అద్దాలి, అన్నం వైపు అద్దితే విడిపోయి గిన్నెలో పడుతుంది. పక్కన పెట్టే ఆకుపచ్చని వసాబీ చాలాచోట్ల హార్స్‌రాడిష్ అనే ఘాటు దుంపకు ఆవపొడి, రంగు కలిపిన ముద్ద. ఆవకాయ తిన్న ధైర్యంతో చెంచాడు నోట్లో వేసుకోకండి, ఆ ఘాటు నాలుకకు కాక నేరుగా ముక్కుకు ఎక్కుతుంది.